చెడిపోకముందే బాగయిన లిఫ్టు

ఆ రోజు గీతలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా ఇంట్లోంచి బయటపడాలి. ఎనిమిదికల్లా ఆఫీసుకు చేరాలి. మూడు గంటలపాటు గోడ ముందు నిలబడి, చెప్పాల్సిందంతా తనకు తానే ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాలి. పదకొండుకి కంపెనీ యజమాని లోపలికి వచ్చేసరికి తొణక్కుండా బెణక్కుండా కనిపించాలి. ఇందులో మొదటి రెండూ సవ్యంగానే జరిగాయి.

"మీ మావయ్యని కూడా పొద్దున్నే రమ్మనకపోయారా? పెద్దమనిషి పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది" అంది భార్య, గుమ్మం దగ్గర ఆయన చొక్కా కాలరు సరిచేస్తూ.

"ఆఫీసులో ఆయన మావయ్య కాదు, స్టోర్సు ఆఫీసరు. నేను సార్ అంటాను, ఆయన నన్ను మీరు అంటాడు. తొమ్మిదేళ్ళుగా అలాగే నెట్టుకొస్తున్నాం. ఇప్పుడు బంధుత్వం బయటపెట్టి కొంప ముంచమంటావా?"

"నేనేమన్నాను ఇప్పుడు? వెళ్ళిరండి. బాగా జరుగుతుందిలే."

గీతలాయన అన్నది ఆఫీసులో పెట్టిన పేరు. కాయితం దొరికితే కాయితం మీద, దొరక్కపోతే అరచేతి మీద, డబ్బాలు గీసి వాటి మధ్య గీతలు లాగడం ఆయనకు అలవాటు. ఆయన పనిచేసేది లిఫ్టులు అమ్మి, బిగించి, చెడిపోతే బాగుచేసే పెద్ద కంపెనీలో. లిఫ్టులతో ఆయనకు ఎక్కడం దిగడం తప్ప వేరే సంబంధం లేదు. కంపెనీని నడిపించే సాఫ్ట్‌వేరు సంగతి చూడడం ఆయన ఉద్యోగం. ఆ సాఫ్ట్‌వేరుకు పద్దెనిమిదేళ్ళు. అమ్మకాలు, బిగింపులు, రిపేర్లు, స్టోర్సు, ఉద్యోగుల సెలవులు, అన్నీ కలిసి ఒకే ముద్ద. సెలవుల పేజీలో ఒక గడి పెంచితే అమ్మకాల పేజీలో ఇంకో గడి మాయమయ్యేది. దాన్ని ముట్టుకోవాలంటే కొమ్ములు తిరిగిన ప్రోగ్రామర్లు కూడా ఆ పూటకి ఒంట్లో బాగాలేదనేవారు.

దీనికి ఆయన ఎంచుకున్న మందు పేరు డొమైన్ డ్రివెన్ డిజైన్. పేరు గంభీరంగా ఉంది కానీ సంగతి తేలికే. ప్రోగ్రాము రాసేవాడు తన తెలివిని కాసేపు పక్కన పెట్టాలి. ఆ పని రోజూ చేసేవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ మాటల్లోనే దాన్ని అర్థం చేసుకోవాలి. ఆ పనికి ఏ ఆకారం ఉందో ప్రోగ్రాముకూ అదే ఆకారం ఇవ్వాలి. ఒక్కో విభాగం చుట్టూ ఒక గిరి గీయాలి. గిరి లోపల ఎవరి రాజ్యం వాళ్ళది, పక్క గిరిలో ఎవరూ వేలు పెట్టకూడదు. ఇది మన ఇంట్లో సాధ్యం కాదు కానీ సాఫ్ట్‌వేరులో సాధ్యమే అని ఆయన భార్యతో అన్నాడొకసారి. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

అందుకోసం ఆరు వారాలుగా అందరి దగ్గరా కూర్చుని "తర్వాత ఏం జరుగుతుంది?" అని అడిగాడు. చెప్పిన ఒక్కో సంగతినీ ఒక్కో నారింజరంగు చీటీ మీద రాసి, వరసగా గోడకు అంటించాడు. మొత్తం రెండువందల పన్నెండు చీటీలు. ఆ వరసే ఆయన ఆస్తి.

"చీటీలకి నంబర్లు వేద్దాం సార్, ఊడిపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు" అని మొదటివారమే అడిగింది టెస్టింగ్ చేసే అమ్మాయి. ఎవరు ఏం రాసినా అందులో లోపం పట్టుకుంటుంది కాబట్టి ఆమె పేరు తప్పులమ్మ.

"నంబరు వేశామంటే జనం దాన్ని శిలాశాసనం అనుకుంటారు. ఇక ఎవరూ చెయ్యి వేసి జరపరు. మా పని పద్ధతే అంత, నంబర్లు ఉండవు" అన్నాడు గీతలాయన, కాస్త గర్వంగానే.

ఇవాళ ఆ గోడను చూసి యజమాని పెద్దాయన "కానివ్వండి" అంటే పని మొదలవుతుంది. "వద్దు" అంటే బయటి నుంచి రెడీమేడ్ సాఫ్ట్‌వేరు వస్తుంది, గీతలాయన కింద ఉన్న నలుగురూ నాలుగు బ్రాంచీలకు చెదిరిపోయి పాత కాయితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటూ కూర్చుంటారు. తప్పులమ్మ అయితే ఈయన మాట నమ్మి, నిలకడైన ఉద్యోగం వదులుకుని వచ్చింది. ఆమె ముఖం చూసినప్పుడల్లా ఆయనకు భయం వేసేది.

ఎనిమిదింటికి మీటింగు గది తలుపు తీయగానే రంగువాసన గుప్పుమంది. పెద్దాయన వస్తున్నారని ఆఫీసువాళ్ళు మూడు రోజుల కిందటే గోడకు కొత్త రంగు వేయించారు. చీటీలన్నీ తీసి, నిన్న సాయంత్రమే వరస తప్పకుండా తిరిగి అంటించుకున్నారు. ఈ వాసనలో పెద్దాయనకు తలనొప్పి వస్తే కొంప మునుగుతుందని గీతలాయన రెండు కిటికీలూ బార్లా తెరిచాడు. అది చాలదనిపించి సీలింగ్ ఫ్యాను కూడా పూర్తి వేగంలో పెట్టాడు.

కొత్త రంగుకూ చీటీల జిగురుకూ పొత్తు కుదరలేదు. ముందు ఒకటి ఊడింది. దాన్ని పట్టుకోబోయేలోగా పది ఊడాయి. ఆయన స్విచ్చి దగ్గరికి పరుగెత్తి, పొరపాటున లైటు ఆర్పి, మళ్ళీ వేసి, ఫ్యాను ఆపేసరికి గోడ కుడి సగం బోడిగా ఉంది. కింద తొంభై ఆరు చీటీలు గదంతా పరుచుకున్నాయి. సరిగ్గా రిపేర్లూ స్టోర్సూ ఉన్న భాగం.

తప్పులమ్మ లోపలికి వచ్చి, ఒక చీటీ మీద వేసిన కాలు వెనక్కి తీసుకుంది. నంబర్ల మాట ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటేనే బాగుండేదని గీతలాయనకు అనిపించింది.

"ఫొటో ఉందిగా సార్, నిన్న తీశాం!"

ఫొటో ఉంది. గోడ పూర్తయిన సంతోషంలో జట్టంతా నిలబడి తీయించుకున్నది. నలుగురూ పళ్ళికిలిస్తూ, భుజాలు కలుపుకుని, రిపేర్ల భాగానికి సరిగ్గా అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళ తలల మీదుగా రెండు చీటీలు మాత్రం స్పష్టంగా కనిపించాయి.

ఇద్దరూ నేలమీద కూర్చుని ఏరి, వరస గుర్తుతెచ్చుకోవడం మొదలుపెట్టారు. తొమ్మిదింబావుకి ఫోను మోగింది. పెద్దాయన సెక్రటరీ. "సార్‌కి పదకొండుకి ఇంకో పని పడింది. పదింటికే వచ్చేస్తున్నారు. మీరు రెడీయే కదా?"

"రెడీయేనండీ" అన్నాడు గీతలాయన, చేతినిండా చీటీలు పట్టుకుని. ఫోను పెట్టేశాక కుర్చీలో కూలబడ్డాడు.

ఇక మొహమాటానికి తావు లేదు. ఆ చీటీల్లో ఉన్నదంతా చెప్పింది స్టోర్సు ఆఫీసరు. వరస తెలిసిన మనిషి ఆయనొక్కడే. గీతలాయన ఫోన్ చేసి "మావయ్యా, కొంప మునిగింది, పైకి రా" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆఫీసులో ఆ పిలుపు అదే మొదటిసారి.

స్టోర్సు ఆఫీసరు మూడు అంతస్తులు మెట్లెక్కి, రొప్పుతూ వచ్చాడు. గోడను చూశాడు, నేలను చూశాడు, మేనల్లుడి ముఖం చూశాడు. "ఒరేయ్, ఏడుపు ముఖం పెట్టకు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనేగా! నువ్వు పోయి గట్టి టేపు పట్రా. అమ్మాయ్, నువ్వు అందిస్తూ ఉండు" అని కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కున్నాడు.

గీతలాయన గుమ్మం దాటుతూ ఆగి, తప్పులమ్మను పక్కకు పిలిచాడు. "చూడమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు తప్పులు వెతకొద్దు. ఏం కనిపించినా సరే, మీటింగు అయ్యేదాకా నోరు విప్పకు. ఉన్న టైము మళ్ళీ చర్చలకి సరిపోదు."

"అలాగే సార్" అంది ఆమె. ఆమెది మాట తప్పే స్వభావం కాదు.

టేపు కోసం ఆయన మూడు విభాగాలు తిరిగాడు. ఒకచోట టేపు ఉంది, మనిషి లేడు. ఇంకోచోట మనిషి ఉన్నాడు, రిజిస్టరులో సంతకం కావాలన్నాడు. ఈలోగా గదిలో స్టోర్సు ఆఫీసరు పేకముక్కలు పంచినంత వేగంగా చీటీలు అంటించాడు. "ఇది ఇక్కడ. దీని పక్కన ఇది. ఆ, అదివ్వు." ఎక్కడా ఆగలేదు, ఆలోచించలేదు. మధ్యలో ఒకచోట తప్పులమ్మ కనుబొమలు పైకి లేచాయి, నోరు తెరుచుకుంది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మూసుకుంది. గీతలాయన టేపుతో వచ్చేసరికి పది కావడానికి నాలుగు నిమిషాలుంది, గోడ నిండుగా ఉంది. అంచులకు టేపు వేయడానికే ఆ నాలుగు నిమిషాలూ సరిపోయాయి. చదవడానికి మిగల్లేదు.

పెద్దాయన సరిగ్గా పదింటికి వచ్చారు. వెనక రిపేర్ల మేనేజరు, అమ్మకాల మేనేజరు. పెద్దాయనకు ఒక అలవాటుంది. అక్షరం కనిపిస్తే వేలు పెట్టి, పైకి చదవందే ముందుకు పోరు. గోడ ఎడమ చివర నిలబడి మొదలుపెట్టారు.

"ఆర్డరు వచ్చింది. కొలతలు తీశారు. డ్రాయింగు పంపారు." ప్రతి చీటీకీ తల ఊపుతున్నారు. పది చీటీలయ్యాక "బాగుందే! నాకే అర్థమవుతోంది" అన్నారు. గీతలాయన ఊపిరి తిన్నగా ఆడింది. అమ్మకాల గిరి అయిపోయింది, బిగింపుల గిరి అయిపోయింది. వేలు కుడి సగంలోకి అడుగుపెట్టింది.

"మెకానిక్ ఫోన్ చేశాడు. విడిభాగం స్టోర్సు నుంచి బయల్దేరింది. లిఫ్టు బాగయింది. కస్టమరు సంతకం పెట్టాడు. లిఫ్టు చెడిపోయిందని ఫిర్యాదు నమోదయింది."

వేలు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. "లిఫ్టు బాగయింది. తర్వాత చెడిపోయిందని ఫిర్యాదు." ఇంకా ముందుకు పోయింది. "తనిఖీకి వెళ్ళారు. ఏ భాగం పోయిందో తేలింది. విడిభాగం పంపడానికి మేనేజరు ఆమోదించారు." పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏమిటయ్యా ఇది?"

గీతలాయన మావయ్య వైపు చూశాడు. మావయ్య గోడ వైపు చూస్తూ, తన చేతులు చేసిన పని తనకే ఇప్పుడు తెలిసినట్టు కొయ్యబారిపోయి ఉన్నాడు. తప్పులమ్మ పెదవులు బిగించుకుని కిటికీ వైపు చూస్తోంది. తప్పు జరిగిందని ఒప్పుకుంటే ఆరు వారాల గోడ మీద నమ్మకం పోతుంది. ఆ భయంలో ఆయన నోటికి వచ్చింది అనేశాడు.

"ఇది... జరుగుతున్నది కాదు సార్. జరగబోయేది. భవిష్యత్తు."

"భవిష్యత్తులో చెడిపోకముందే బాగుచేస్తామా?"

"ఆ ఉద్దేశమే సార్."

అమ్మకాల మేనేజరు కుర్చీలోంచి లేచింది. "అద్భుతం సార్! 'చెడిపోకముందే బాగుచేస్తాం'. ఇలాంటి మాట కోసమే రెండేళ్ళుగా చూస్తున్నాను. ఇవాళే కస్టమర్లకి ఉత్తరాలు పంపించేస్తాను."

"ఇవాళే వద్దండీ" అన్నాడు గీతలాయన చెమటలు తుడుచుకుంటూ.

"ఏం, ఎప్పటికి సిద్ధమవుతుంది? లిఫ్టు చెడిపోబోతోందని మీకెలా తెలుస్తుంది?" అని పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన ముఖంలో నిజమైన ఆసక్తి కనిపించింది. అది చూసి గీతలాయనకు ఇంకా భయం వేసింది. నీళ్ళు నములుతూ ఏదో చెప్పబోయేంతలో రిపేర్ల మేనేజరు బల్ల మీద చరిచాడు.

"సార్, ఇదంతా నామీద పన్నాగం! అన్నీ అయిపోయాక చివర్న నా ఆమోదం పెట్టారు చూడండి. నేను చూడకుండా సంతకాలు పెడతానని మీకు చెప్పడమే వీళ్ళ ఉద్దేశం. ఇందాక మెట్ల దగ్గర నా చెవులారా విన్నాను, ఈ స్టోర్సాయన ఫోనులో 'వస్తున్నానురా అల్లుడూ' అని ఈ గదిలోకే వచ్చాడు. మేనమామా మేనల్లుడూ కలిసి ఆడిస్తున్నారు సార్ ఈ నాటకం!"

పెద్దాయన గీతలాయన వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. "ఈయన మీ మేనమామా?"

"అవును సార్."

"ఈ చీటీలు ఈ వరసలో పెట్టిందెవరు?"

గీతలాయన నోరు తెరిచేలోగా స్టోర్సు ఆఫీసరు ఒకడుగు ముందుకు వేశాడు. "నేనే సార్. వీడికి తెలీదు. భవిష్యత్తూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇప్పుడు జరుగుతున్నది ఇదే."

"అంటే?"

"ఆరు వారాలుగా వీడు వచ్చి అడుగుతుంటే నేను రూలు పుస్తకం అప్పజెప్పాను సార్. మేనల్లుడైనా రాసుకునేది గోడ మీదికి పోతుందని భయం. ఇవాళ చీటీలు కిందపడ్డాయి. హడావిడిలో చేతికి ఇస్తే, చెయ్యి తనకు అలవాటైన దారిన పోయింది."

"పద్దెనిమిదేళ్ళుగా ఇలాగే చేస్తున్నారా?"

"పదిహేడే సార్. మొదటి ఏడాది రూలు ప్రకారమే చేశాం. ఆ ఏడాది జనం మెట్లెక్కారు."

ఫిర్యాదు ముందే రాస్తే నష్టమేమిటని పెద్దాయన అడిగారు. స్టోర్సు ఆఫీసరు ఇక దాచలేదు. "రాసిన క్షణంలో ఆ బిల్డింగు రికార్డు మొత్తానికి తాళం పడుతుంది సార్. అన్ని విభాగాలకీ ఉన్నది ఒక్కటే రికార్డు కదా! అమ్మకాలవాళ్ళు చూసి, వివరాలన్నీ సరిపోయాయని తాళం తీసేదాకా స్టోర్సు నుంచి మేకు కూడా బయటికి రాదు. దానికి పదకొండు రోజులు. అందుకే ముందు బాగుచేసేస్తాం, తర్వాత తీరిగ్గా చెడగొట్టుకుంటాం."

పెద్దాయన లేచి నిలబడ్డారు. "నా కంపెనీలో పదిహేడేళ్ళుగా ఆమోదం లేకుండా సామాను బయటికి పోతోంది. ఇన్నాళ్ళకి ఒక గోడ చెప్పాలి నాకు. చాలు. ఈ క్షణం నుంచీ అంతా రూలు ప్రకారమే. ఆ బయటి సాఫ్ట్‌వేరు కొనండి. ఈ చీటీలు పీకేయండి."

తప్పులమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గీతలాయన ఆమె వైపు చూడలేకపోయాడు. మాట ఇచ్చి తీసుకొచ్చిన మనిషి, తను కంగారులో చెప్పిన అబద్ధం వల్ల ఏ బ్రాంచీలోనో పడబోతోంది.

అప్పుడు స్టోర్సు ఆఫీసరు జేబులో ఫోను మోగింది. ఆయన తీసి, పెద్దాయన కూడా వినేలా బల్ల మీద పెట్టాడు.

"సార్, ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయింది" అంది మెకానిక్ గొంతు. "బ్రేకు కాయిల్ కాలిపోయింది. లోపల ఎవరూ లేరు కానీ, ఆపరేషన్‌కి దించాల్సిన పెద్దావిడ అయిదో అంతస్తులో ఉంది. రెండో లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. కాయిల్ పంపించండి సార్, వేగం!"

స్టోర్సు ఆఫీసరు పెద్దాయన వైపు తిరిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "ఫిర్యాదు రాయించమంటారా సార్?"

పెద్దాయన గోడ మీది చీటీల వైపు చూశారు, ఫోను వైపు చూశారు. రిపేర్ల మేనేజరు గొంతు సవరించుకుని "సార్, నా ఆమోదం లేకుండా..." అని మొదలుపెట్టాడు.

"మీరు నోరు మూసుకోండి" అన్నారు పెద్దాయన. ఫోను మీదికి వంగారు. "కాయిల్ వస్తోంది బాబూ. నువ్వు అక్కడే ఉండు. కాయితాల సంగతి తర్వాత చూద్దాం."

ఆ మాట అని కుర్చీలో కూర్చున్నారు. స్టోర్సు ఆఫీసరు కింద స్టోర్సులో ఉన్న మనిషికి ఫోను చేసి కాయిల్ పంపించాడు. పెద్దాయన చివరికి గీతలాయనను పిలిచారు. "మీ గిరులుంటే ఇది ఎలా జరుగుతుంది? ఈసారి భవిష్యత్తు చెప్పొద్దు."

"రిపేర్లవాళ్ళ రికార్డు రిపేర్లవాళ్ళకే ఉంటుంది సార్. ఫిర్యాదు రాయగానే అమ్మకాలవాళ్ళకి కబురు వెళ్తుంది, కానీ తాళం పడదు. వాళ్ళు చూసేది వాళ్ళ గిరిలో తీరిగ్గా చూసుకుంటారు. కాయిల్ ఆగదు." నిజం చెప్పకుండా ఉండడం ఇక గీతలాయన వల్ల కాలేదు. "ఇందాక అబద్ధం చెప్పాను సార్. ఈ వరస నాకూ కొత్తే. నిన్నటి గోడే మీకు చూపించి ఉంటే మీరు సరే అనేవారు, నేను రూలు పుస్తకానికి సాఫ్ట్‌వేరు కట్టి ఇచ్చేవాణ్ణి. జనం మళ్ళీ మెట్లెక్కేవారు."

"సార్, నేనొకటి చెప్పొచ్చా?" అంది తప్పులమ్మ. మీటింగు అయిపోయిందో లేదో తేల్చుకోలేక గీతలాయన వైపు చూసింది. ఆయన తల ఊపాడు. "అమ్మకాల భాగంలో కూడా మూడు చీటీలు నాకు రూలు పుస్తకంలాగే అనిపిస్తున్నాయి."

అమ్మకాల మేనేజరు ఆ మూడు చీటీలేవో అడగలేదు. గడియారం చూసుకుంది.

పెద్దాయన మొదటిసారి నవ్వారు. "ఆ బయటి సాఫ్ట్‌వేరు వాళ్ళకి వద్దని చెప్పండి. ఈ అమ్మాయి ఎక్కడికీ పోదు, ఈ నలుగురూ ఇక్కడే ఉంటారు. స్టోర్సాయన రోజూ ఒక పూట ఈ గదిలో కూర్చోవాలి. నోటితో ఏమీ చెప్పక్కర్లేదు, చేతికి చీటీలివ్వండి." అని ప్రాజెక్టు ఆమోదపత్రం ముందుకు లాక్కున్నారు. "ఈ పని ఎప్పుడు మొదలుపెట్టారు?"

"ఆరు వారాలయింది సార్."

పెద్దాయన సంతకం పెట్టి, దాని కింద ఏడు వారాల కిందటి తేదీ వేశారు. ఆమోదం లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదన్నది కంపెనీ రూలు.